జిక్రీత్ గుట్ట మీద మూడు చింతగింజలు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళంతా ఈ మాటతోనే మొదలుపెడతారని నాకూ తెలుసు, మీరు నవ్వుకున్నా ఏమీ అనుకోను. నేను దోహాలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. శాంపిల్ లేకుండా రిపోర్టు ఇవ్వడం నాకు చేతకాదు. ఎవరైనా తమ ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందంటే, పక్కింటివాళ్ళ కుక్కకి గంట కట్టారేమో చూసుకోమని చెప్పే రకం నేను. ఇప్పుడు నా అల్మారాలో ఒక చిన్న శాంపిల్ డబ్బా ఉంది, అందులో మూడు చింతగింజలున్నాయి. వాటి గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది ప్రేమ పెళ్ళి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే రోజుల్లో కొండలెక్కే గుంపు ఒకటి ఉండేది, అందులో కలిశాం. నాది తెనాలి వైపు, వేణుది జగిత్యాల దగ్గర పల్లె. తను ల్యాండ్ సర్వేయరు. పెళ్ళయ్యాక ఇక్కడి కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ కొండలున్నాయా?" అని. లేవు. ఖతార్‌లో కొండ అని చెప్పుకోవాలంటే సిగ్గుపడాలి. నాలుగంతస్తుల మేడంత ఎత్తున సున్నపురాయి గుట్టలుంటాయి, అంతే. వేణు వాళ్ళక్క ఫోన్ చేసినప్పుడల్లా, "దుబాయ్‌ల ఇసుక తప్ప ఏముంటది, గుట్టలెక్కుడేంది మీ మొహం?" అని తిడుతుంది. మాది ఖతార్ అని చెప్పడం ఎప్పుడో మానేశాం.

అయినా దురద ఊరుకోదు. ఏడాది తిరిగేలోపు ఒక డేరా కొన్నాం, గాలి కొట్టుకునే నారింజ రంగు కయాక్ పడవ ఒకటి కొన్నాం. చలికాలం వచ్చిందంటే ప్రతి శుక్రవారం ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటి నుంచి తెల్లారకముందే బయల్దేరతాం. ఒక వారం ఉత్తరాన మడ అడవుల్లో తెడ్లు వేస్తాం, ఇంకో వారం పడమట జిక్రీత్ గుట్టలు ఎక్కి, దిగాక అక్కడి సముద్రంలో కయాక్ వేస్తాం. మంచి జంట అని అందరూ అంటారు. తెడ్డు ఎవరు తప్పు వేశారని నీళ్ళ మధ్యలో ఎంత పోట్లాడుకుంటామో వాళ్ళకి తెలియదు.

మాకొక అలవాటుంది, కథంతా దాని మీదే నడిచింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గుట్ట మీద దారి మలుపు తిరిగిన ప్రతిచోటా మూడు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేరుస్తాం. పైరాయికి మొన ఉండాలి, ఆ మొన కారు ఉన్న వైపు చూపించాలి. ఇది వేణు సర్వే బుద్ధి. అయితే జిక్రీత్‌లో సరదాగా రాళ్ళు పేర్చి పోయేవాళ్ళు చాలామంది. మాది ఏదో, వాళ్ళది ఏదో తెలియాలి కదా. అందుకని పైరాయి కింద ఒక చింతగింజ పెట్టడం నేను మొదలుపెట్టాను. గురువారం సాయంత్రం పులిహోరకి చింతపండు నానబెడతాను, అందులో వచ్చిన గింజల్ని కడిగి చిన్న జిప్ సంచిలో వేస్తాను. తిరిగి వచ్చేటప్పుడు ముందు నడిచేవాళ్ళు రాళ్ళు చెదరగొట్టి గింజలు ఏరుకోవాలి. మేము వెళ్ళిన చోట మా గుర్తు మిగలకూడదని మా నియమం. ఎన్ని తీసుకెళ్ళామో అన్నీ ఇంటికి రావాలి.

ఆ గురువారం పదకొండు గింజలు. ఎలా గుర్తుందంటే, పన్నెండోది పుచ్చిపోయింది, పారేశాను.

శుక్రవారం తెల్లవారుజామున అల్ షహానియాలో ఆగాం. అక్కడ ఒంటెల పందేలు జరుగుతాయి, చుట్టూ ఒంటెల దొడ్లు. మల్లయ్య కాక అక్కడే ఒక దొడ్లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. వేణు వాళ్ళ పక్క ఊరాయన. మేము ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ రోడ్డు పక్క హోటల్లో ఆయనతో కలిసి కరక్ చాయ్ తాగి పోవడం మామూలే. ఆ రోజు ఆయన ఆకాశం చూసి, "ఇయ్యాల మంచు బాగ దిగుతది, పైలం బిడ్డా," అన్నాడు. అప్పటికి నక్షత్రాలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. కాక ఊరికే భయపెడుతున్నాడని కార్లో నవ్వుకున్నాం.

ఆరున్నరకి గుట్ట కింద కారు పెట్టి ఎక్కడం మొదలుపెట్టాం. పైకి చేరేసరికి పదకొండు గుర్తులూ పెట్టేశాం. ఏడుంబావుకి ఎండ వచ్చింది, కింద మా తెల్ల కారు స్పష్టంగా కనిపిస్తోంది. సముద్రం వైపు మాత్రం అడుగున తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. వేణు కెమెరా తీశాడు. తనకి కెమెరా చేతిలో ఉంటే పెళ్ళాం కనిపించదు.

నాకు ఆకలేస్తోంది. నేను దిగి టిఫిన్ సర్దుతానన్నాను. వేణుకి షుగరుంది, తినేముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ సూది పెన్ను ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటుంది.

"ఇక్కడనే సూది ఏసుకుంట. పది నిమిషాల్ల కింద ఉంట, పులిహోర పెట్టు," అన్నాడు.

సరేనన్నాను. దిగుతూ దిగుతూ నా అలవాటు ప్రకారం ఒక్కో గుర్తు దగ్గరా వంగి, గింజ తీసుకుని, రాళ్ళు చెదరగొట్టాను. పదకొండూ. వెనక మనిషి ఉన్నాడన్న ఆలోచనే రాలేదు. ఎప్పుడూ ఇద్దరం కలిసే దిగుతాం కాబట్టి చేతులు వాటి పని అవి చేసేశాయి. ఎండలో కారు కళ్ళముందే ఉంది, ఇక గుర్తులతో పనేముంది అనుకున్నానేమో కూడా. ఈ పాపం నాది. వేణు ఎన్నిసార్లు పోనీలెమ్మన్నా నాది కాకుండా పోదు.

కారు దగ్గర చాప పరిచి, డబ్బా మూత తీసి తలెత్తేసరికి గుట్ట లేదు. సముద్రం నుంచి లేచిన మంచు గుట్టనంతా మింగేసింది. రెండు నిమిషాల్లో కారు ముందు భాగం నుంచి వెనక భాగం కనిపించకుండా పోయింది. ఇక్కడి చలికాలపు మంచు మీకు తెలియకపోతే చెబుతాను, చేయి చాపితే వేళ్ళు మసకబారతాయి.

పది నిమిషాలు చూశాను. పదిహేను. అప్పుడు వెనక సీట్లో వేణు జాకెట్ కనిపించింది. ఎక్కబోయే ముందు ఉక్కగా ఉందని విప్పి పడేశాడు. ఒంట్లో షుగర్ పడిపోతే నోట్లో వేసుకునే చక్కెర పొట్లాలు ఆ జాకెట్ జేబులో ఉంటాయి. తన ఫోను కార్లోనే ఛార్జింగ్‌కి పెట్టి ఉంది. అంటే ఇన్సులిన్ వేసుకున్న మనిషి, తిండి లేకుండా, ఫోను లేకుండా, అంచులు తెగిన గుట్ట మీద మంచులో ఉన్నాడు. దారి గుర్తులు నా సంచిలో ఉన్నాయి.

హారన్ కొట్టాను. ఆపకుండా కొట్టాను. తర్వాత వేణు చెప్పాడు, ఆ హారన్ తనకి సముద్రం వైపు నుంచి వినిపించిందట, అటే నడిచాడట. మంచులో శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు. నా ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఎమర్జెన్సీ నంబరుకి రెండుసార్లు చేశాను, కలవలేదు. అక్కడ నిలబడి ఏడవడం కంటే ఎక్కడమే నయమనిపించింది. జ్యూస్ డబ్బాలు రెండు, ఖర్జూరాలు, వేణు జాకెట్ తీసుకుని పైకి బయల్దేరాను.

ఎలా ఎక్కానో సరిగ్గా గుర్తులేదు. పేరు పెట్టి అరుస్తూ ఎక్కాను. తను ఫోటోలు తీస్తూ నిలబడిన చోటికి చేరాననుకున్నాను. అక్కడ ఎవరూ లేరు. ఇన్సులిన్ వేసుకుని అప్పటికి ముప్పావు గంట. నా మొగుడు చచ్చిపోతాడు, నేనే చంపాను, అని పైకే అన్నాను. ఆ మాట నా చెవులకి వినిపించింది.

అప్పుడే నా మోకాలికి రెండడుగుల దూరంలో మూడు రాళ్ళ గుర్తు కనిపించింది.

ఒకటి ఏరడం మర్చిపోయాను కాబోలు అనుకున్నాను. పైరాయి ఎత్తాను. కింద చింతగింజ ఉంది. మళ్ళీ పెట్టేశాను. మొన కారు వైపు లేదు, గుట్ట లోపలి వైపు చూపిస్తోంది. వేణే ఎటు పోతున్నాడో చెప్పడానికి పెట్టి ఉంటాడని సంతోషం వేసింది. గింజల సంచి నా నడుముకే ఉందన్న సంగతి ఆ క్షణాన బుర్రకి ఎక్కలేదు.

మొన చూపిన వైపు నడిచాను. నలభై అడుగులు లెక్కపెట్టాను, రెండోది కనిపించింది. ఎత్తి చూశాను, గింజ ఉంది. మళ్ళీ నడిచాను. ఈసారి యాభై పైన. మూడో గుర్తు పక్కనే, ఒక బండకి ఆనుకుని వేణు కూర్చుని ఉన్నాడు.

చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, "అక్కా, బడికి పోను," అన్నాడు. పదేళ్ళ కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. జ్యూస్ డబ్బా నోటికి పెట్టి బతిమాలి, తిట్టి, తాగించాను. రెండోది కూడా తాగించాను. కాసేపటికి కళ్ళలోకి మనిషి వచ్చాడు. ఖర్జూరం నములుతూ నా మొహం చూసి, "ఎందుకే ఏడుస్తున్నవ్?" అన్నాడు. అప్పుడు నిజంగా ఏడ్చాను.

అరగంట అక్కడే కూర్చున్నాం. మంచు కొంచెం పలచబడింది. వేణు ఆనుకున్న బండకి అవతల ఏడడుగుల దూరంలో గుట్ట తెగిపోయి ఉంది. కింద ఇసుక, దూరంగా నీళ్ళు. ఇద్దరం చూసి, బండకి ఇవతలికి జరిగాం.

తిరిగి వచ్చేటప్పుడు వేణు ముందు నడిచాడు. నియమం నియమమే కదా, మూడు గుర్తుల దగ్గరా గింజలు తీసి నాకిచ్చాడు, నేను సంచిలో వేసుకున్నాను. రాళ్ళు చెదరగొట్టాడు కూడా. "ఇటు దిక్కు ఎప్పుడు పెట్టినవ్ రాజీ?" అని ఒకసారి అడిగాడు. నువ్వే కదా పెట్టావు అన్నాను. తనకి ఇంకా తల తిరుగుతోంది, గింజ నా చేతిలో పెట్టి ముందుకు నడిచాడు. నన్ను ఎవరైనా సాక్ష్యం అడిగితే నా దగ్గర ఫోటో లేదు. కెమెరా మెడలో వేసుకుని, ఒక్క గుర్తుకీ ఫోటో తీయకుండా చేతులారా చెరిపేసి వచ్చిన ఘనులం మేము.

ఆ రోజు కయాక్ సంచి విప్పలేదు. సాయంత్రం ఇంట్లో గింజలు కడుగుదామని సంచిని జల్లెడలో బోర్లించాను. పద్నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాను. వేణుని పిలిచి లెక్కపెట్టించాను. పదకొండు మా గింజలు, గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. మూడు వేరే. ఒకవైపు నల్లగా, రెండోవైపు అరగదీసి తెల్లగా ఉన్నాయి. అంచులు చేతుల్లో నలిగి నలిగి నున్నబడ్డాయి.

"గుర్తులు నువ్వు పెట్టలేదా?" అన్నాను.

"నా దగ్గర గింజలేడియే? నువ్వు పెట్టినవనుకున్న."

పొద్దున్నుంచీ ఎవరికి వాళ్ళం రెండోవాళ్ళు పెట్టారనుకుంటున్నామని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి వంటగదిలో లైటు తీయబుద్ధి కాలేదు.

మర్నాడు డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు ఆ మూడింటినీ మైక్రోస్కోప్ కింద పెట్టాను. అరగదీసిన గీతల్లో బూడిదరంగు పొడి ఇరుక్కుని ఉంది, సిమెంటులా ఉంది. దానివల్ల ఏం తేలుతుంది? ఎవరో ఎప్పుడో సిమెంటు గచ్చు మీద వీటిని అరగదీశారని మాత్రం తేలుతుంది. వాటిని మా గుర్తుల మాదిరిగా, మేము పెట్టే చోటే, పైరాయి కింద ఎవరు పెట్టారు? మా అలవాటు మేమెవరికీ చెప్పలేదు. ముందెప్పుడో ఎవరో మమ్మల్ని చూసి ఉంటారని వేణు అంటాడు. అయ్యుండవచ్చు. మరి ఆ మనిషి, అంత మంచులో, వేణు వెళ్ళిన దారి వెంటే పెట్టుకుంటూ పోయి, వేణు పక్కన మూడోది పెట్టి, పలకరించకుండా ఎలా వెళ్ళిపోయాడు?

నాకు కుదురు పోయింది. రాత్రి లేచి డబ్బా తీసి చూసుకునేదాన్ని, మూడూ ఉన్నాయా అని. నాలుగో వారం వేణుని లాక్కుని మళ్ళీ బయల్దేరాను. వద్దంటూనే వచ్చాడు.

అల్ షహానియాలో చాయ్ ముందు పెట్టుకుని మల్లయ్య కాకకి గింజలు చూపించాను. ఏమీ చెప్పకుండానే ఇచ్చాను. ఆయన అరచేతిలో పోసుకుని, అలవాటైన చేత్తో ఎగరేసి బల్ల మీద వేశాడు.

"అష్టాచెమ్మా గింజలు గదా బిడ్డా. లేబర్ క్యాంపుల గచ్చుకు రాకి గిట్లనే జేస్తుంటిమి. శుక్రారం వచ్చిందంటే ఇదే ఆట. ఏడ దొరికినయి?"

జిక్రీత్ గుట్ట మీద అన్నాను. ఆయన నవ్వు ఆగింది. గింజలు ఒక్కొక్కటీ వేలితో కదిపాడు.

"మూడే ఉన్నయేంది? నాలుగుండాలె గదా. నాలుగు గింజలు లేంది ఆట నడువది."

వేణు నా వైపు చూశాడు. అటు మన వాళ్ళెవరైనా పనిచేసేవారా అని అడిగాను.

"ఎవలెరుక? ఒంటెలు మంచుల తప్పిపోతయి. ఎతకవోయినోళ్లు గూడ తప్పిపోతరు. అందరి లెక్క ఎవడు రాసిండు," అన్నాడు. నా గింజలు నాకిచ్చేసి, చాయ్ పూర్తిగా తాగకుండానే దొడ్లోకి వెళ్ళిపోయాడు.

గుట్ట ఎక్కాం. ఎండ బాగా ఉంది, దూరాన సముద్రం నీలంగా ఉంది. వేణు కూర్చున్న బండ దొరికింది. అంచు దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి కిందికి దిగి, ఇసుకంతా వెతికాం. ఒంటె పెంట, రెండు ఖాళీ నీళ్ళ సీసాలు. మూడు రాళ్ళు పేర్చి ఉన్న చోటు ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాం. నాలుగో గింజ దొరకలేదు.

ఇప్పుడు మా నియమం మారింది. ఇద్దరం కారు దగ్గరికి చేరేదాకా ఒక్క రాయి కదపం. గింజలు ఏరుకురావడానికి మళ్ళీ ఎక్కుతాం. కాళ్ళు నొప్పులని వేణు సణుగుతాడు, నేను పట్టించుకోను. నా వేణు నాకు దక్కాడు, సణిగితే సణగనీ.

ఒక్క విషయంలో మాత్రం మాకింకా తేలలేదు. ఆ మూడు గుర్తుల పైరాళ్ళ మొనలూ కారు వైపే ఉన్నాయని, మన గుర్తుల్లాగే ఉన్నాయి కాబట్టే అనుమానం రాలేదని వేణు ఒట్టేసి చెబుతాడు. తను చూసింది తిరుగు దారిలో. నేను చూసింది వెళ్ళేటప్పుడు. నాకు బాగా గుర్తుంది, మొదటిది లోపలికి చూపించింది, రెండోదీ లోపలికే. మూడోది వేణు పక్కన ఉంది, కానీ దాని మొన వేణు వైపు లేదు. వేణుని దాటి, అంచు వైపు, ఇంకా అవతలికి చూపిస్తోంది.

ఇన్నాళ్ళూ ఆ గుర్తులు నన్ను నా భర్త దగ్గరికి తీసుకెళ్ళాయని అందరికీ చెప్పుకున్నాను. అలా చెబితే వినడానికి బాగుంటుంది. కానీ వేణు దారిలో అడ్డంగా కూర్చుని ఉన్నాడు, అంతే. నేను తనని చూసి ఆగిపోయాను. ఆ మూడింటినీ పెట్టినవాళ్ళు ఎవరో నాకు తెలియదు, మంచివాళ్ళో చెడ్డవాళ్ళో తెలియదు, నన్ను అంచు దాటించాలనుకున్నారో, అక్కడున్న ఇంకెవరి దగ్గరికో రమ్మన్నారో తెలియదు. నాలుగోది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నా మనిషి నాకు దొరికాడని నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.